గొంతు మొద్దుబారేదాకా ఆగండి: బ్రాంకోస్కోపీ చేసే డాక్టర్లకు ఒక నర్సు బహిరంగ లేఖ

బ్రాంకోస్కోపీ చేసే డాక్టర్లకు, చేయడం నేర్చుకుంటున్న పీజీలకు, ఆ విభాగాలు నడిపే పెద్దలకు నమస్కారం.

నేను బ్రాంకోస్కోపీ గదిలో స్టాఫ్ నర్సుని. కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని (స్కోపును) ముక్కులోంచో నోట్లోంచో ఊపిరితిత్తుల్లోకి దింపి చూసే గది అది. పదహారేళ్లుగా మీ పక్కన నిలబడి సిరంజిలు అందిస్తున్నాను. నేను నిలబడే చోటు పేషెంటు తల దగ్గర. మీ కళ్లు స్క్రీన్ మీద ఉన్నంతసేపూ నా కళ్లు వాళ్ల ముఖం మీదే ఉంటాయి. అక్కడ ఇన్నేళ్లు చూసిందే ఈ ఉత్తరం రాయిస్తోంది.

చాలా ఏళ్ల కిందటి ఒక ఉదయం గురించి ముందు చెప్పాలి. డెబ్బై దాటిన పెద్దాయన. ఊపిరితిత్తిలో గడ్డ ఉందని అనుమానం, ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ రోజు లిస్టు పొడుగ్గా ఉంది. ముక్కులో జైలోకైన్ జెల్లీ (మొద్దుబార్చే లిగ్నోకైన్ మందు) పెట్టారు. నోరు తెరవమని గొంతులోకి నాలుగు స్ప్రేలు కొట్టారు. వెంటనే స్కోపు ఎక్కించారు. నేను గోడ గడియారం చూశాను, నిమిషం కూడా కాలేదు. స్కోపు స్వరపేటికకు తగిలిందో లేదో ఆయన ఒళ్లంతా ఎగిరిపడింది. దగ్గు మీద దగ్గు, మధ్యలో డోకు, ఊపిరి తీసుకునే సందు లేదు. చెయ్యి లేచి ట్యూబును పట్టేసుకుంది. "చేతులు పట్టుకోండి సిస్టర్" అన్నారు డాక్టరు గారు. పట్టుకున్నాను. ఆయన రెండు మణికట్లూ బల్లకు అదిమి పట్టాను. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి, తుడవడానికి నా చేతులు ఖాళీగా లేవు. మిడజోలం అనే మత్తు సూదిమందు ఇంకాస్త ఇచ్చారు. ఆక్సిజన్ పడిపోయింది, స్కోపు బయటికి తీశారు, మళ్లీ ఎక్కించారు. ఆ దగ్గులో ముక్క సరిగ్గా రాలేదు. ఇంకోసారి చేయాలని రాసి పంపారు.

ఆయన రాలేదు. రెండు వారాల తర్వాత కొడుకొచ్చి కాగితాలు తీసుకెళ్లాడు. "నాన్న ఒప్పుకోవడం లేదమ్మా, చచ్చినా మళ్లీ ఆ బల్లెక్కనంటున్నాడు" అన్నాడు. ఆ గడ్డ ఏమిటో, ఆయనకు ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఆ మణికట్లు అదిమింది మాత్రం నేనే.

ఆ రోజు ఆయనకు మందు వేయలేదని ఎవరూ అనలేరు. కేసు షీట్‌లో "లోకల్ ఇచ్చాం" అని ఉంది. వేశారు, పట్టేదాకా ఆగలేదు. నేను అడిగేది ఇదొక్కటే: గొంతుకు మత్తిచ్చే పనిని బ్రాంకోస్కోపీలో భాగంగానే చూడండి. దానికి పట్టే నిమిషాలు దానికి ఇవ్వండి, ఎంత వేశారో లెక్క రాయండి, ఏం జరగబోతోందో బల్ల మీది మనిషికి చెప్పండి.

నీళ్లు తాగుతుంటే పొలమారితే ఎంత అల్లాడిపోతామో అందరికీ తెలుసు. ఒక్క చుక్క దారి తప్పినందుకే అంత. పుట్టినప్పటి నుంచి ఊపిరితిత్తులకు కాపలా కాస్తున్న ద్వారం అది. అలాంటి చోటులోంచి మనం దాదాపు పెన్సిలంత లావు గొట్టం దింపుతున్నాం. ఆ కాపలా ఒక్క నాడి చేతిలో లేదు. ముక్కు లోపలి స్పర్శ ఐదో కపాల నాడిది. నాలుక వెనక భాగం, గొంతు గోడ తొమ్మిదో నాడివి, డోకు పుట్టేది అక్కడే. స్వరతంత్రులకు పైభాగం పదో నాడి అయిన వేగస్ పై శాఖది, తంత్రుల కింది భాగం అదే వేగస్ వెనక్కి తిరిగి పంపే ఇంకో శాఖది. దగ్గు పుట్టించే నాడీ కొసలు స్వరపేటికలో, శ్వాసనాళం రెండుగా చీలే మొన దగ్గర బాగా దట్టంగా ఉంటాయి. విచిత్రమేమిటంటే ఇంత కాపలా దాటి లోపలికి వెళ్తే ఊపిరితిత్తి కండకు నొప్పే తెలియదు. కష్టమంతా దారిలోనే.

కాబట్టి నోట్లోంచి కొట్టిన స్ప్రే గొంతు వెనక గోడకు పనిచేస్తుంది గాని స్వరతంత్రుల కిందికి దిగదు. అక్కడికి మందు మామూలుగా స్కోపు లోపలి సన్నటి దారి (చానెల్) గుండా వెళ్లాలి: తంత్రుల మీద రెండు మిల్లీలీటర్లు, శ్వాసనాళంలో కొంచెం, చీలిక మొన మీద, తర్వాత రెండు పక్కలా. ఇది మీకు తెలియనిది కాదు. తెలిసినా హడావుడిలో జారిపోయేది ఒకటుంది. తంత్రుల మీద మందు పడగానే పేషెంటు దగ్గుతాడు. ఆ దగ్గు మందు పనిచేయలేదనడానికి గుర్తు కాదు. మందు తగిలినందుకు వచ్చిన దగ్గు అది, మందును చుట్టూ పరిచేదీ అదే. ఆ దగ్గు దానంతటదే చల్లారాలి. చల్లారకముందే స్కోపు ముందుకు తోస్తే మందు పడిన చోట మందు పట్టకుండానే దాటినట్టవుతుంది. ఇన్నేళ్లలో నేను చూసిన కష్టమైన కేసుల్లో ఎక్కువ ఇక్కడే చెడ్డాయి.

లిగ్నోకైన్ పూసిన క్షణంలో పనిచేయదు. తడి పొరలోంచి లోపలికి ఇంకాలి, నాడిలోకి చేరాలి, నాడిలో కబురు నడిపే సోడియం దారులు మూయాలి. దానికి రెండు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. గొంతు నిండా లాలాజలం, కఫం ఉంటే మందు వాటిలోనే పలచబడి మింగుడైపోతుంది. ముక్కు చీదించి, గొంతు ఖాళీ చేయించి, అప్పుడు వేస్తే అదే మందు రెట్టింపు పనిచేసినట్టు అనిపిస్తుంది. వాపుతో ఎర్రగా కందిన గొంతులో మందు ఇంకా నెమ్మది. అలాంటివాళ్లకు ఇంకో స్ప్రే కొట్టేకన్నా ఇంకో రెండు నిమిషాలు ఆగడమే మంచిదని నేను చూసి నేర్చుకున్నాను.

మొదట్లో ఈ పని చేసినవాళ్లకు ఈ ఓపిక ఉండేది, ఉండక తప్పేది కాదు. 1884లో కార్ల్ కోలర్ కంటి మీద కొకైన్ చుక్క వేసి నొప్పి లేకుండా చేయొచ్చని చూపించాడు. 1897లో జర్మనీలో గుస్తావ్ కిల్లియన్ ఒక రైతు కుడి శ్వాసనాళికలో ఇరుక్కున్న ఎముక ముక్కను నోటి ద్వారానే బయటికి తీశాడు. బ్రాంకోస్కోపీ కథ మొదలయ్యేది అక్కడే. ఆయన చేతిలో ఉన్నది వంగని నిటారు లోహపు గొట్టం. గొంతుకు ఇచ్చింది కొకైన్. ఒక్కసారి ఊహించుకోండి, వంగని ఇనప గొట్టాన్ని మనిషి గొంతులోంచి దింపాలంటే ఆ గొంతు ఎంత బాగా మొద్దుబారి ఉండాలో! స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకైన్ తయారు చేసింది 1943లో. జపాన్‌లో షిగెటో ఇకెడా వంగే ఫైబర్ స్కోపు తెచ్చింది 1960లలో. మందు మెరుగైంది, గొట్టం సన్నబడి మెత్తబడింది. ఆ రెంటి మధ్యలో ఆగే అలవాటు మాత్రం ఎక్కడో తగ్గిపోయింది.

"మత్తు సూది ఇస్తున్నాం కదా సిస్టర్" అంటారు కొందరు. మిడజోలం, ఫెంటానిల్ వల్ల భయం తగ్గుతుంది, జరిగింది సరిగ్గా గుర్తుండదు. గుర్తుండకపోవడం వేరు, బాధ లేకపోవడం వేరు. మొద్దుబారని స్వరపేటిక సగం నిద్రలోనూ దగ్గుతుంది, ఆ దగ్గు ఆపడానికి ఇంకాస్త సూదిమందు, దాంతో శ్వాస మందగించి ఆక్సిజన్ పడిపోవడం, చివరికి స్కోపు బయటికి తీయాల్సి రావడం. ఆ పెద్దాయన విషయంలో జరిగింది అచ్చం ఇదే. గొంతు బాగా పట్టిన పేషెంటుకు సూదిమందు ఎప్పుడూ తక్కువే సరిపోయింది.

ఆగడం గురించి ఇంత చెప్పాక లెక్క గురించి కూడా గట్టిగానే చెప్పాలి. దగ్గు ఆగలేదని "ఇంకో రెండు, ఇంకో రెండు" అంటూ పోసుకుంటూ పోవడం ఇంకో వైపు ప్రమాదం. బ్రిటన్‌లోని ఊపిరితిత్తుల వైద్యుల సంఘం బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2013 మార్గదర్శకాల్లో కిలో బరువుకు 9.6 మిల్లీగ్రాములు దాటితే లిగ్నోకైన్ విష లక్షణాలు తరచుగా కనిపిస్తాయని ఉంది. చాలాసార్లు అంతకన్నా బాగా తక్కువే సరిపోతుందని కూడా అందులోనే ఉంది. ట్రే దగ్గర నిలబడి ఈ అంకెను ఒకసారి వేసి చూడండి. నలభై ఐదు కిలోల మనిషికి ఆ గీత 432 మిల్లీగ్రాముల దగ్గర పడుతుంది. 10 శాతం స్ప్రే ఒక్కసారి నొక్కితే 10 మిల్లీగ్రాములు, పది నొక్కితే 100. ముక్కులో 2 శాతం జెల్లీ పది మిల్లీలీటర్లు పెడితే 200. స్కోపులోంచి 2 శాతం ద్రావణం రెండేసి మిల్లీలీటర్లు ఐదుసార్లు పోస్తే ఇంకో 200. మొత్తం 500. ఎవరూ ఎక్కువ వేసినట్టు అనుకోరు, ఎవరి చేతిలోదీ పెద్ద సిరంజి కాదు, గీత మాత్రం దాటిపోయింది. దీని మీద 4 శాతం మందు నాలుగు మిల్లీలీటర్లు నెబ్యులైజ్ చేసి (పొగమంచులా మార్చి పీల్పించి) ఉంటే ఇంకో 160.

పోసిందంతా రక్తంలోకి పోదు, నిజమే. కొంత సక్షన్‌లో (పీల్చి తీసే గొట్టంలో) తిరిగొస్తుంది, మింగిన దాన్ని కాలేయం చాలావరకు అరగదీస్తుంది. కానీ ఎంత తిరిగొచ్చిందో మనం కొలవం. కాలేయం దెబ్బతిన్నవాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, బాగా వయసు మీరినవాళ్లకు ఆ మినహాయింపు మీద ఆధారపడలేం. మన బల్ల మీదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

అదే మనిషికి జెల్లీ ఐదు మిల్లీలీటర్లకు తగ్గించి, స్కోపులోంచి పోసేది 1 శాతానికి మార్చితే మొత్తం 300తో పని అవుతుంది. 2 శాతాన్నీ 1 శాతాన్నీ పోల్చిన పరీక్షల్లో దగ్గు విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నెబ్యులైజేషన్ వల్ల మందు మోతాదు పెరగడమే గాని అదనంగా ఒరిగేదేమీ లేదని పలు పరీక్షలు తేల్చాయి. అయినా ఇంకా చాలాచోట్ల అలవాటు కొద్దీ పెడుతూనే ఉన్నారు. చెయ్యి తిరిగినవాళ్లు మెడ ముందు నుంచి, స్వరపేటిక ముందున్న క్రికోథైరాయిడ్ పొరలోంచి సన్నటి సూదితో నేరుగా శ్వాసనాళంలోకి మందు ఇవ్వడం చూశాను. సూది అనగానే పేషెంటు బెదురుతాడు, కాని ఒక్క దగ్గుతో మందు పైకీ కిందికీ పరుచుకుంటుంది, తర్వాత స్కోపు హాయిగా దిగుతుంది. నేర్చుకున్నవాళ్ల చేతిలో అది మంచి పద్ధతి. రానివాళ్లు మొదటిసారి ఒంటరిగా చేయాల్సింది కాదు.

లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఒక పాత సంగతి చాలు. 1996లో అమెరికాలో పరిశోధన కోసం స్వచ్ఛందంగా బ్రాంకోస్కోపీకి ఒప్పుకున్న పంతొమ్మిదేళ్ల కాలేజీ విద్యార్థిని లిగ్నోకైన్ మోతాదు మించి చనిపోయింది. ఏ జబ్బూ లేని అమ్మాయి. ఆమెను చంపింది గొట్టం కాదు, గొంతుకు పోసిన మందు. మనం "స్ప్రేనే కదా" అనుకునే మందు.

ఎక్కువైందని ముందుగా చెప్పేది పేషెంటే. పెదాల చుట్టూ చిమచిమ, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటం. ఆ తర్వాతే ఫిట్స్, గుండె లయ తప్పడం. బాగా మత్తు సూది ఎక్కించిన మనిషి ఆ మొదటి మాటలు చెప్పలేడు, అది కూడా గుర్తుంచుకోండి. స్కోపు బయటికి తీశాక కూడా కాసేపు రక్తంలో మందు పెరుగుతూ ఉండొచ్చు కాబట్టి వార్డుకు పంపేశాం అని ఊపిరి పీల్చుకోకూడదు. ఈ విషానికి విరుగుడుగా నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం, 20 శాతం లిపిడ్ ఎమల్షన్, ఎక్కడుందో మీ గదిలో ఇప్పుడు ఎవరినైనా అడిగి చూడండి. కిలోకు 1.5 మిల్లీలీటర్లు మొదటి మోతాదు. ఆపరేషన్ థియేటర్ బీరువాలో తాళం వేసి ఉంది అనే జవాబొస్తే అది లేనట్టే.

లిగ్నోకైన్ బదులు బెంజోకైన్ స్ప్రే వాడేచోట ఉన్నవాళ్లకు ఒక్క మాట. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 85 దగ్గర నిలిచిపోయి ఎంత ఆక్సిజన్ పెట్టినా కదలకపోతే, రక్తం చాక్లెట్ రంగులో కనబడితే, మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేకుండా మారిపోయిన హిమోగ్లోబిన్) గుర్తుకు రావాలి. దానికి విరుగుడు మెథిలీన్ బ్లూ దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు పేషెంటుతో మాట్లాడే సంగతి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా తేలిగ్గా మార్చుకోగలిగేది ఇదే, అన్నిటికన్నా నిర్లక్ష్యమైపోయింది కూడా ఇదే. గొంతు మొద్దుబారడం హాయిగా ఉండదు. స్ప్రే చేదు, మొదట మంట. తర్వాత గొంతులో ఉండ అడ్డుపడినట్టుంటుంది. గుటక వేస్తే గుటక పడిందో లేదో తెలియదు. లాలాజలం చేరుతుంది, మింగలేకపోతున్నానని కంగారు. అన్నిటికీ మించి గొంతులోంచి గాలి పోతున్న స్పర్శ తెలియదు. ఆ స్పర్శ లేకపోతే మనిషికి ఊపిరి ఆగిపోయినట్టే అనిపిస్తుంది. మానిటర్ మీద ఆక్సిజన్ 98 ఉంటుంది, బల్ల మీది మనిషి మాత్రం చచ్చిపోతున్నానని అనుకుంటుంటాడు. నా మోచెయ్యి పట్టుకుని "ఊపిరాడటం లేదమ్మా" అన్నవాళ్లు ఎంతమందో. "ఏం కాదు, పడుకోండి" అంటే ఆ భయం పోదు. మందు వేయకముందే, "గొంతులో ముద్ద ఉన్నట్టుంటుంది, గాలి ఆడనట్టు అనిపిస్తుంది, అది మందు పట్టిందనడానికి గుర్తు, గాలి ఆడుతూనే ఉంటుంది, లాలాజలం మింగక్కర్లేదు, పక్కకు వదిలేయండి, తుడుస్తాను" అని చెప్పి ఉంచితే, అదే క్షణం వచ్చినప్పుడు వాళ్లు నా వైపు చూసి తలూపుతారు. అరనిమిషం మాట అది. దానికి సమానమైన మందు మన ట్రేలో లేదు.

నేను పనిచేసిన డాక్టర్లలో ఒకావిడ ఉండేవారు. స్ప్రే కొట్టాక స్కోపు ముట్టుకునేవారు కాదు. స్టూలు లాక్కుని పేషెంటు పక్కన కూర్చుని మనవల గురించో, చేసే పని గురించో అడిగేవారు. పేషెంటు గొంతు మారి మాట ముద్దగా వస్తోంటే విని, "ఇంకొంచెం" అనేవారు. ఇంకో రెండు స్ప్రేలు, మళ్లీ మాటలు. గుటక వేయమని అడిగి, వేయడానికి అవస్థ పడితే అప్పుడు లేచేవారు. తంత్రులు కనిపించాక "ఈ... అనండి" అనేవారు, మందు పోసేవారు, దగ్గు ఆగేదాకా స్కోపును కాస్త వెనక్కి లాగి చెయ్యి కదపకుండా నిలబెట్టేవారు. స్క్రీన్ మీద తంత్రులు తెరుచుకుని మూసుకోవడం చూస్తూ నేను లోపల్లోపల అంకెలు లెక్కపెట్టేదాన్ని. అరవై, డెబ్బై, ఎనభై. తర్వాత స్కోపు జారిపోయేది. ఆవిడ లిస్టు ఎవరి లిస్టుకన్నా ఆలస్యంగా ముగియలేదు. ముందు ఆగిన ఐదు నిమిషాలూ లోపల దగ్గుతో కుస్తీ పట్టకపోవడం వల్ల తిరిగొచ్చేవి. కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) ఊపిరితిత్తి కడిగిన నీళ్లు తీయాల్సి ఉంటే, లిగ్నోకైన్ కొన్ని సూక్ష్మక్రిములను పెరగనివ్వదు కాబట్టి ఆ భాగంలో మందు పోయకుండా జాగ్రత్తపడేవారు. దారి బాగా మొద్దుబారి ఉండటం వల్లే అది కుదిరేది.

విభాగాలు నడిపే పెద్దలను నేను అడిగేవి పెద్దవి కావు. కేసు షీట్‌లో "లోకల్ ఇచ్చాం" అన్న మాట తీసేయండి. ఆ చోట ఎన్ని శాతం, ఎన్ని మిల్లీలీటర్లు, మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు, మొదటి స్ప్రే ఎన్ని గంటలకు, స్కోపు ఎన్ని గంటలకు అని రాసే గడులు పెట్టండి. బరువు కచ్చితంగా తూచి రాయించండి, అడిగి రాయడం వద్దు. గరిష్ఠ మోతాదు మిల్లీగ్రాముల్లో లెక్కేసి కేసు మొదలయ్యే ముందే బోర్డు మీద రాయించండి. సిరంజి అందించినప్పుడల్లా నర్సు మొత్తం బయటికి చెప్పాలి, డాక్టరు విన్నట్టు తిరిగి చెప్పాలి. "ఇంకా పట్టలేదు సార్, ఆగండి" అని నర్సు అంటే ఆగాలి. ఆ మాట అనే హక్కు మాకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ పెద్దాయన రోజున నా నాలుక చివరిదాకా వచ్చిన మాట అదే. అనలేకపోయాను.

పీజీలకు నేర్పేవాళ్లు స్కోపు చేతికిచ్చే ముందు ఒక నెల నా పక్కన, తల దగ్గర నిలబెట్టండి. ముఖాలు చూడనివ్వండి. పని అయ్యాక రికవరీలో కూడా కూర్చోబెట్టండి, గొంతు తిమ్మిరి వదలకముందే నీళ్లడిగేవాళ్లకు ఎందుకు ఇవ్వకూడదో, గంట రెండు గంటల తర్వాత మొదటి గుక్క ఎలా కొద్దిగా తాగించి చూస్తారో వాళ్లకే తెలుస్తుంది.

రేపు ఉదయం మొదటి కేసు ఎనిమిదిన్నరకు. 1 శాతం సిరంజిలు విడిగా నింపి, పేర్లు రాసి, ట్రేలో కుడివైపు పెట్టి ఉంచాను. గడియారం బ్యాటరీ మార్చాను. పేషెంటు గుటక వేసి, గొంతు తెలియడం లేదని చేత్తో చూపించాక స్కోపు అందిస్తాను.

ఇట్లు,
మీ బ్రాంకోస్కోపీ గది నర్సు